అద్దంలో వెనకున్న మనిషి

యూసుఫ్‌గూడ,
9 జూన్ 2024

పెద్దమ్మకి సత్య నమస్కారాలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకోకు. నీ చెవి మిషను పాడయిన దగ్గర్నుంచి నీకు ఏం చెప్పాలన్నా అరవాలి. ఇక్కడ అరిస్తే గోడకి అటువైపున్న మూడు వాటాలవాళ్ళూ వింటారు. ఆ మూడు వాటాల్లో ఉన్నదీ సినిమావాళ్ళే. పెదవి దాటితే పృథివి దాటుతుందని నువ్వే అనేదానివి. ఈ సంగతి నా పెదవి దాటితే నా పని పోతుంది.

విషయం మా మేడం గురించి. మనోజ్ఞ గారికి నేను మూడేళ్ళుగా జుట్టు పని చేస్తున్నాను కదా. ఇప్పుడు ఆవిడది రాణి వేషం. పొద్దున్న ఐదున్నరకి కుర్చీలో కూర్చుంటే సవరం, జడ, పాపిటబిళ్ళ అన్నీ అయ్యేసరికి తొమ్మిదవుతుంది. ఆవిడ కూర్చుంటారు, నేను నిలబడతాను. ఇది ఇక్కడి పద్ధతి, ఆర్టిస్టు ముందు మేం కూర్చోకూడదు. ఈమధ్య ఆవిడ వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి. మేకప్ వెంకటరామయ్య గారు ఐసు నీళ్ళలో చెంచాలు వేసి ఉంచి, కళ్ళ మీద అద్ది, పైన రంగు వేసి మాయం చేస్తున్నారు. మర్నాటికి మళ్ళీ మామూలే. "కనపడేదాన్ని కనపడకుండా చెయ్యడమేగా మన ఉద్యోగం" అంటారాయన.

అమ్మకి కూడా మొదట కళ్ళే ఉబ్బాయని నువ్వు చెప్పిన గుర్తు. కిడ్నీ వార్డులో పదహారేళ్ళు చేసినదానివి. ఏం చూస్తే తెలుస్తుందో రాయి. ఆవిడని అడిగే ధైర్యం నాకు లేదు. చూసే వీలు మాత్రం ఉంది.

ఇక్కడ అందరం కులాసా. క్రేను మీంచి పడ్డాక మా ఆయన ఇంటిపట్టునే ఉంటున్నారు, వంట కూడా ఆయనదే, పప్పులో ఉప్పు మాత్రం నా చేత వేయించుకుంటారు. మా అమ్మాయి ప్రణతి డిగ్రీ రెండో ఏడు. నేను కాస్త ఒళ్ళు చేశాను. ఉంగరం వేలికి బిగిసిపోతే తీసి దానికిచ్చేశాను. కాఫీ ఒక్కటే బాగుండటం లేదు, ఇనుప గరిటె నాకినట్టుంటోంది. పాలపాకెట్టు మార్చమన్నాను.

నీ సత్య

*

సామర్లకోట,
17 జూన్ 2024

చి. సౌ. సత్యకి ఆశీస్సులు.

ఉత్తరం చూసి పోస్ట్‌మాన్ నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. ఏడాదిన్నర తరువాత నా పేరు మీద చేత్తో రాసిన కవరు వచ్చిందట. చెవి మిషను బాగుచేయించను. అది లేకపోతే పక్కింట్లో వచ్చే సీరియల్ వినపడదు, ఆ సుఖం నీకేం తెలుసు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. కిడ్నీ జబ్బు అన్నిటికంటే టక్కరిది. దొంగైనా గిన్నె తన్ని చప్పుడు చేస్తాడు, ఇది అదీ చెయ్యదు. సగం పాడయ్యేదాకా మనిషి నవ్వుతూ తిరుగుతూనే ఉంటాడు. ఒళ్ళు నొప్పులు, అలసట, తిండి సయించకపోవడం, దురద, ఇవన్నీ వస్తాయి కానీ ప్రతిదానికీ మనం వేరే పేరు పెట్టుకుంటాం. పొద్దున్న ముఖం ఉబ్బి సాయంత్రానికి కాళ్ళలోకి నీరు దిగితే మాత్రం ఊరుకోకూడదు. బొటనవేలితో మోకాలి కింద ముందువైపు ఎముక మీద గట్టిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తియ్యి. గుంట పడి అలాగే ఉంటే నీరు పట్టినట్టు. మూత్రంలో నురుగు వచ్చి పోకుండా నిలబడుతోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది అన్నవి కూడా అడగాలి, అవి ఆవిడ చెప్తే గాని తెలియవు. అన్నిటికంటే ముందు బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీనూ రక్తంలో క్రియాటినినూ పరీక్ష చేయించాలి. అది తెలియడానికి ఒక్క పూట చాలు. తెలుసుకోకపోతే ఏం జరుగుతుందో మీ అమ్మ విషయంలో చూశాం. నిద్ర లేక కళ్ళు ఉబ్బాయని ఇంట్లో ఆరు నెలలు అనుకున్నారు.

నువ్వు ఒళ్ళు చేశావంటే నాకు సంతోషమే. పెళ్ళినాడు చీపురుపుల్లకి చీర చుట్టినట్టు ఉండేదానివి.

మీ పెద్దమ్మ
రాజ్యలక్ష్మి

*

యూసుఫ్‌గూడ,
30 జూన్ 2024

పెద్దమ్మకి నమస్కారాలు.

నువ్వు చెప్పిన పని చేశాను. ఎలా చేశానో తెలిస్తే నవ్వుతావు. నాట్యం సీనుకి మేడం కాళ్ళకి గజ్జెలు కట్టాలి. కడుతూ కడుతూ, ముడి బిగుతుగా ఉందో లేదో చూస్తున్నట్టు, ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి మనసులో పది లెక్కపెట్టాను. ఆవిడ కిందకి చూసి "ఏంటి సత్యా, ప్రార్థనా?" అన్నారు. ఇంటికొచ్చి నా కాలి మీద కూడా నొక్కి పోల్చి చూసుకున్నాను. ఇద్దరికీ చాలా తేడా ఉంది పెద్దమ్మా. అనుమానమే లేదు.

అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి? ఈ సినిమాకి చేరేటప్పుడు మా అందరి చేతా కాగితాల మీద సంతకం చేయించారు. మేడం ఆరోగ్యం, వేషం, రాకపోకలు ఏవీ బయట మాట్లాడకూడదు. సెట్లోకి వెళ్ళేటప్పుడు ఫోన్లు కవరులో పెట్టి సీలు వేస్తున్నారు. మేనేజరు కమలాకర్ గారు మేడం నీడలా ఉంటారు. జూబ్లీహిల్స్ ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్ సెట్టుకి వచ్చే కారులోనూ ఆయనే, క్యారవాన్ మెట్ల దగ్గరా ఆయనే. ఆవిడకి ఒంట్లో బాగోలేదన్న మాట లేస్తే సినిమా ఆగుతుంది. ఆగితే అందరూ ఎవరు చెప్పారని వెతుకుతారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో నేను.

మా బతుకు ఎలా ఉంటుందో నీకు తెలియదు. క్యారవాన్‌లో బాత్రూం మేడం ఒక్కరికే. మా ఆడవాళ్ళకి సెట్టు వెనక ఒక రేకుల గది ఉంది, దానికి గడియ లేదు. క్యారవాన్ నడిపే ఓదెలు మంచివాడే. ఒకసారి బతిమాలితే, "అక్కా, జర సమజ్ చేస్కో. చాబీ ఇచ్చిన్నని సార్‌కు తెలిస్తే నా నౌకరి వోతది" అన్నాడు. అతన్ని ఏమనను? అందుకని మేమంతా పొద్దున్న కాఫీ తప్పితే ఇంటికి చేరేదాకా నీళ్ళు ముట్టం. నడుముకీ మడమలకీ నొప్పి బిళ్ళలు పర్సులో ఉంటాయి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఇవి లేకపోతే పద్నాలుగు గంటలు నిలబడటం నా వల్ల కాదు.

ఏం చెయ్యమంటావో చెప్పు.

సత్య

*

సామర్లకోట,
8 జూలై 2024

సత్యకి,

గుంట పడిందన్నమాట. పడిందని తెలిసి కూడా ఏం చెయ్యమంటావని నన్ను అడుగుతున్నావా?

వెళ్ళి ఆవిడకి చెప్పు. మేనేజరు నీడలా ఉంటే ఉండనీ, జడ వేసేటప్పుడు నీ నోరు ఆవిడ చెవికి జానెడు దూరంలో ఉంటుంది. మీ అమ్మ పోయేనాటికి ముప్పై తొమ్మిదేళ్ళు. అప్పుడు కూడా ఒకరు ఇంటి పరువన్నారు, ఒకరు పెళ్ళి ముందుందన్నారు, అందరూ మంచివాళ్ళే, అందరూ నోరు మూసుకునే ఉన్నారు. నాకు కబురు చేసేసరికి చేతులు కాలి ఆకులు పట్టుకోవడమే మిగిలింది. మా చెల్లెలు నా వార్డులో, నా చేతిలో పోయింది. నువ్వు పదకొండేళ్ళ పిల్లవి, నీకు గుర్తుండకపోవచ్చు, నాకు ఉంది.

ఒక మనిషి ప్రాణం కంటే నీ పని ఎక్కువనుకుంటే ఇక నాకు రాయకు.

రాజ్యలక్ష్మి

ఆ నొప్పి బిళ్ళలు మానెయ్. రోజూ మింగేవి కావవి.

*

యూసుఫ్‌గూడ,
15 జూలై 2024

పెద్దమ్మకి,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వన్నట్టే చేశాను.

శుక్రవారం పాపిట తీస్తూ చెవిలో చెప్పేశాను. "మేడం, తప్పుగా అనుకోకండి, ఒకసారి కిడ్నీ పరీక్ష చేయించుకోండి" అన్నాను. ఆవిడ అద్దంలో నన్ను చాలాసేపు చూశారు. మధ్యాహ్నం కమలాకర్ గారు పిలిచి, "నువ్వు డాక్టరువి ఎప్పుడయ్యావు సత్యలక్ష్మీ? రేపట్నుంచి రావద్దు, అవసరమైతే కబురు చేస్తాం" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. ఇప్పుడు ఇంకో సినిమాకి వెళ్దామన్నా, మధ్యలో ఎందుకు మానేశావని అడుగుతారు. చెబితే సంతకం తప్పినట్టు. చెప్పకపోతే దొంగతనం చేసి ఉంటుందనుకుంటారు.

నా పని నాకు ఒకరి ప్రాణం కంటే ఎక్కువని నువ్వు అనుకున్నావు. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. ఇంట్లో ఇద్దరు నా చేతివైపు చూస్తున్నారని నీకు తెలియదా?

నేను తొందరపడ్డానో లేదో నువ్వే తేల్చు. ఫోటోలు పంపుతున్నాను. ఒక సీను ఇవాళ సగం తీసి నెల తరువాత మిగతా సగం తీస్తారు, జడ, పువ్వులు, బొట్టు అన్నీ ముందులాగే ఉండాలి. అందుకని రోజూ అప్పటికప్పుడు అచ్చయి వచ్చే చిన్న కెమెరాతో రెండేసి ఫోటోలు తీసి, ఒకటి డైరెక్షన్ వాళ్ళకిచ్చి, ఒకటి నా పుస్తకంలో అంటించుకుంటాను. వెనక జడా ముందు ముఖమూ ఒకేసారి కనపడాలని మేడం కుర్చీ వెనక నిలబడి అద్దంలోకి తీస్తాను. నవంబరు నుంచి జూన్ దాకా నెలకొకటి చొప్పున ఎనిమిది ఉన్నాయి. ఇవి బయటికి రాకూడనివి. చూసి చింపెయ్.

సత్య

*

సామర్లకోట,
22 జూలై 2024

నా తల్లీ, సత్యా,

చింపలేదు. చింపను.

మంచం మీద ఎనిమిదీ వరసగా పేర్చి, భూతద్దం పెట్టి చూశాను. ముందు మీ మేడంనే చూశాను. ఆవిడకి రెప్పల అంచుల వెంట ఎరుపూ ఉబ్బూ ఉన్నాయి, అవి కూడా మూడు ఫోటోల్లోనే. బుగ్గలు, దవడ, మెడ నవంబరులో ఎలా ఉన్నాయో జూన్‌లో అలాగే ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. గుంట పడిన మనిషి ముఖం ఇలా ఉండదే అనుకున్నాను.

అప్పుడు అద్దంలో ఆవిడ వెనకున్న మనిషిని చూశాను. గుండెల దగ్గర కెమెరా పట్టుకుని నిలబడిన మనిషిని.

నవంబరులో నీ దవడ ఎముక కనపడుతోంది సత్యా. ఫిబ్రవరికి లేదు. ఏప్రిల్ నుంచి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. జూన్ ఫోటోలో ఉన్నది మా చెల్లెలు. ఆఖరి ఏడాది అది అచ్చం అలాగే ఉండేది.

నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ఉంగరం పట్టడం లేదన్నావు. కాఫీ ఇనుములా ఉందన్నావు. నీళ్ళు తాగనన్నావు, రోజుకి రెండు బిళ్ళలన్నావు. మూడు నెలల నర్సింగు పిల్ల కూడా పసిగట్టేది. నేను ఏం రాశాను? ఒళ్ళు చేశావంటే సంతోషం అని రాశాను. నిన్నూ మీ అమ్మనూ ఎత్తుకుని పెంచినదాన్ని, ఎవరో మేడం కాళ్ళ గురించి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. దీపం కింద చీకటి అంటే ఇదే. పైగా నీకు ప్రాణం విలువ తెలియదని తిట్టాను. నన్ను క్షమించు అనడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అంటున్నాను.

ఈ ఉత్తరం వచ్చేలోపే పక్కింటి శ్యామలాదేవి చేత ప్రణతికి ఫోను చేయిస్తున్నాను. అది నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. మొండికెయ్యకు. బీపీ, మూత్రం, క్రియాటినిన్. అమ్మ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. నొప్పి బిళ్ళ ఇంకొక్కటి కూడా వేసుకోకు. ఉన్నవి పారెయ్.

పెద్దమ్మ

*

యూసుఫ్‌గూడ,
4 ఆగస్టు 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. నా ముఖం నాకు తెలియదా అనుకున్నాను. అద్దం ముందుకెళ్ళి నిలబడితే నిజంగానే తెలియలేదు. రోజూ పద్నాలుగు గంటలు అద్దం ముందే ఉంటాను, ఒక్కనాడూ నన్ను చూసుకోలేదు. నాకు అందులో కనపడేది పాపిట వంకరగా ఉందా అన్నది ఒక్కటే.

ఎర్రగడ్డలో కిడ్నీ డాక్టరమ్మకి చూపించుకున్నాం. బీపీ నూటడెబ్భై బై నూటపది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఏడు. వారం తరువాత మళ్ళీ చేశారు, అంతే ఉంది. నీకు ఈ లెక్కలు నాకంటే బాగా అర్థమవుతాయి. నాకు డాక్టరమ్మ చెప్పింది ఇంతే: రెండు కిడ్నీలూ కలిపి నలభై శాతం పని చేస్తున్నాయి, పోయింది తిరిగి రావడం కష్టం, ఉన్నది కాపాడుకోవాలి. "ఈ పాటికైనా వచ్చారు, ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది" అంది. బీపీకి మందులిచ్చింది. ఉప్పు తగ్గించమంది. నీళ్ళు తాగకుండా ఉండొద్దంది. నొప్పి బిళ్ళల పేరు చెప్పగానే కలం పక్కన పెట్టి నా వైపు చూసింది. ఇంకా ఏవో పరీక్షలు మిగిలి ఉన్నాయి.

నీకొక సంగతి చెప్పాలి. కాలి మీద నొక్కి పోల్చాను, చాలా తేడా ఉందని రాశానే, గుంట పడింది నా కాలికి. వేలు తీశాక కూడా చాలాసేపు ఉంది. మేడం కాలికి పడలేదు. నాకేం జబ్బు లేదని నాకు గట్టి నమ్మకం కదా. అందుకని ఆరోగ్యంగా ఉన్న కాలికి గుంట పడాలి కాబోలు, ఆవిడకి పడలేదంటే అదే జబ్బు అనుకున్నాను. నువ్వు రాసింది మళ్ళీ తీసి చూసుకోలేదు. నన్నే కొలతగా పెట్టుకుని ఆవిడని కొలిచాను. డాక్టరమ్మకి చెబితే నవ్వలేదు.

మేడం కూడా పరీక్ష చేయించుకున్నారట, అన్నీ బాగున్నాయి. పెట్టుడు రెప్పవెంట్రుకలు అంటించే జిగురు పడక ఉబ్బుతున్నాయట. వెంకటరామయ్య గారు జిగురు మార్చారు, అయిపోయింది. మళ్ళీ రమ్మని కమలాకర్ గారు నిన్న కబురు చేశారు. వేరే వాళ్ళు వేసిన జడ పాత సీనుతో కలవడం లేదట.

సత్య

*

సామర్లకోట,
11 ఆగస్టు 2024

సత్యా,

వెళ్ళకు. మీ ముగ్గురూ ఇక్కడికి వచ్చెయ్యండి. రెండు గదులున్నాయి, నాకు ఒకటి చాలు. కాకినాడ పెద్దాసుపత్రిలో నన్ను ఎరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. చెవి మిషను బాగుచేయించాను, నీ గొంతు వినాలనుంది. ఫోను చెయ్యి, అరవక్కర్లేదు.

పెద్దమ్మ

*

యూసుఫ్‌గూడ,
10 నవంబరు 2024

పెద్దమ్మకి సత్య నమస్కారాలు.

ఫోనులో రోజూ మాట్లాడుతున్నా, కొన్ని నీకు రాస్తేనే బాగుంటుంది. రాలేనని చెప్పిన ప్రతిసారీ నువ్వు మాట మారుస్తున్నావు. అలిగావని తెలుసు. అక్కడికి వస్తే నేను ఎవరికి జడ వెయ్యను? ప్రణతి చదువు ఇక్కడ, ఆయన కాలి వైద్యం ఇక్కడ, నా మందులూ నెలనెలా పరీక్షలూ ఇక్కడే. ఈ పని తప్ప నాకు వేరే పని రాదు. ఈ పనే నన్ను ఇంతదాకా తెచ్చిందని తెలిసి కూడా పొద్దున్నే దువ్వెనలు సర్దుకుని వెళ్తున్నాను. కోపం రాని రోజు లేదు. ఎవరి మీద అంటే చెప్పలేను.

మేడంకి నా సంగతి చెప్పాను. ఈసారి చెవిలో కాదు, ఎదురుగా. "బాత్రూం వాడుకోవడానికి నన్ను అడగాలా సత్యా? ఎవరు వద్దన్నారు?" అన్నారు. కమలాకర్ గారు నేల చూశారు. మర్నాడు ఓదెలు తనే తాళంచెవి తెచ్చి, "ఇగ ఫికర్ లేదక్కా" అని నా చేతిలో పెట్టాడు. ఒక స్టూలు కూడా వేయించారు. కానీ ఆ వీలు నా ఒక్కదానికే. నేను చేతులు తుడుచుకుంటూ క్యారవాన్ దిగుతుంటే గుంపులో నటించే ఆడవాళ్ళు ఎండలో నిలబడి చూస్తారు. వాళ్ళు పొద్దున్నించీ నీళ్ళు తాగలేదని నాకు తెలుసు, నేను తాగానని వాళ్ళకి తెలుసు. తలవంచుకుని వస్తాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక్కొక్కరినీ కాలు చాపమని నొక్కి చూస్తున్నాను. నన్ను పిచ్చిదంటున్నారు. పుష్పవల్లి అనే ఆవిడకి మాత్రం గుంట పడింది. రేపు సెలవు పెట్టించి ఎర్రగడ్డలో మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

మొన్నటి పరీక్షలో క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు. తగ్గిందని నేను సంబరపడితే, పెరగలేదు అని రాసుకోండి చాలు అంది డాక్టరమ్మ. బీపీ దారిలో పడింది. ఆయన ఉప్పులేని పప్పు చేసి నా ఎదురుగా తనూ అదే తింటున్నారు, ముఖం మాత్రం చూడలేం.

దీంతో పాటు ఫోటో పెడుతున్నాను. ఇక నెలనెలా పంపుతాను, ముందు ఫోటోల పక్కన పెట్టి చూసుకో. ఇందులో మేడం లేరు. ఆవిడ రాకముందే ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, ఓదెలు తీశాడు. "గిదేందక్కా, జర పౌడరన్న పెట్టుకోవా?" అన్నాడు. వద్దన్నాను. ముఖం కడుక్కుని, బొట్టు కూడా తీసేసి కూర్చున్నాను.

కళ్ళ కింద బాగా చూసి రాయి.

నీ సత్య